తెరిచి చూడకుండానే ఓకే అన్నారా?

అప్రూవ్ నొక్కేశారు కదా?

పుల్ రిక్వెస్ట్ వచ్చింది. తెరిచారు. మౌస్ చక్రం ఒక్కసారి తిప్పారు. ఎర్ర గీతలు కొన్ని, పచ్చ గీతలు కొన్ని, వాటి మధ్య నాలుగైదు తెలుగు వాక్యాలు. మీ కళ్లు అక్కడ ఆగలేదు. ఎల్‌జీటీఎం అని కొట్టి పక్క పనిలో పడిపోయారు.

చదివారా?

ఒక్కటే అడుగుతున్నాను. ఆ తెలుగు వాక్యం చదివారా? మీరు విజయవాడలోనో వరంగల్‌లోనో పుట్టి పెరిగారు. ఇంట్లో అమ్మతో మాట్లాడేది తెలుగే. ఆ ఫైలును రివ్యూకి మీ దగ్గరికే పంపడానికి కారణం కూడా మీకు తెలుగు రావడమే. మరి చదవకుండా ఎలా ఒప్పుకున్నారు? ఎవరి తరఫున ఒప్పుకున్నారు?

నేను పోర్ట్‌బ్లెయిర్ నుంచి రాస్తున్నాను. 2024 సెప్టెంబరులో ఈ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు గానీ మా నోళ్లలో ఇంకా పాత పేరే తిరుగుతోంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మందికి తెలుగే మాతృభాష. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వచ్చి ఇక్కడ చేపల వేట మీద బతుకుతున్న కుటుంబాలు ఎన్నో. జంగ్లీఘాట్ రేవులో పొద్దున్నే నిలబడితే ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది. విశాఖలో ఓడ ఎక్కితే ఇక్కడికి చేరడానికి రెండు రోజులకు పైగా నీళ్ల మీదే ఉండాలి. అంత దూరం వచ్చినా ఈ జనం భాషను వదల్లేదు.

వీళ్లకీ మీ డిఫ్‌కీ ఏం సంబంధం అంటారా?

చెప్తాను, వినండి. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ ఈ దీవులకు ప్రారంభమైంది. సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్. ఖర్చు 1,224 కోట్ల రూపాయలు. అంతకు ముందు ఉపగ్రహమే దిక్కు. ఒక్క పెద్ద ఫైలు దిగాలంటే ఎంత ఓపిక పట్టాలో ఇక్కడి పిల్లలను అడగండి. ఇప్పుడు ఆ కేబుల్ లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్ దాకా వెళ్లింది. దాని మీద ఏం వస్తోంది? హైదరాబాద్‌లో, బెంగళూరులో, డాలస్‌లో కూర్చుని మీరు అప్రూవ్ చేసిన కోడ్ వస్తోంది. ఫోన్లో భాష తెలుగు అని పెట్టుకున్న మనిషికి మీరు చదవకుండా వదిలేసిన వాక్యం వస్తోంది.

వెళ్లండి. వెళ్లకండి.

మధ్యలో ఒక్క 'క'.

సముద్రం మీదకు వెళ్లండి, సముద్రం మీదకు వెళ్లకండి. డిఫ్‌లో ఇది ఒక ఎర్ర గీత, ఒక పచ్చ గీత. పైపైన చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. చదివితే తప్ప తేడా తెలియదు. కంపైలర్ పట్టుకోదు. టెస్టులు పట్టుకోవు. యంత్రానికి రెండూ సక్రమమైన వాక్యాలే. ఆ 'క' ఉందో ఊడిందో చెప్పగలిగేది ఆ వరుసలో తెలుగు వచ్చిన ఒకే ఒక్క మనిషి. ఆ మనిషి మీరు. మీరు చూడకపోతే ఆ తర్వాత ఇంకెవరూ చూడరు. ఆ సంగతి మీకు తెలియదా?

2004 డిసెంబరు 26 పొద్దున సముద్రం ఈ దీవులను ఏం చేసిందో మీకు నేను చెప్పాలా? ఆ దెబ్బ తర్వాతే 2007లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరికల కేంద్రం మొదలైంది. అలల కబురు హైదరాబాద్ నుంచి కార్ నికోబార్‌కు వెళ్తుంది. ఆ సంస్థ పనిని నేను తప్పుపట్టడం లేదు. అడుగుతున్నది మిమ్మల్ని. ప్రాణం మీదకు వచ్చే వాక్యం రేపు మీ స్క్రీన్ మీదకు వస్తే దాన్ని చదివే అలవాటు మీకుందా? అలవాటు ఆ రోజుకారోజు పుట్టుకొస్తుందా? గ్యాస్ బుకింగ్ వాక్యాన్ని చదవనివాడు తుపాను వాక్యాన్ని మాత్రం చదువుతాడని ఎలా నమ్మాలి?

మా రేవులో పడవ ఎక్కే ముందు వలను పరిచి వేళ్లతో తడిమి చూస్తారు. తెగినచోట కూర్చుని అల్లుతారు. వల బాగానే ఉందని పక్కవాడు చెప్పాడు కదా అని చూడకుండా నీళ్లమీదకు పోయేవాడు లేడు. అల్లినవాడు తన అన్నే అయినా సరే, తడిమే పోతాడు. ఆ మాత్రం శ్రద్ధ లక్షల జీతం తీసుకునే మీకు లేదా?

మీ జవాబు నాకు ముందే తెలుసు. టూల్ తెలుగును సరిగ్గా చూపించదు అంటారు.

నిజమే. చూపించదు.

గిట్‌లో ఒక ఫైలుకు 'అండమాన్' అని తెలుగులో పేరు పెట్టండి. అందులో ఒక వరుస మార్చి డిఫ్ అడగండి. పేరు ఎలా వస్తుందో తెలుసా? \340\260\205\340\260\202 అని మొదలై వరుసగా సాగిపోతుంది. అండమాన్ అనే మాట యూనికోడ్‌లో 7 గుర్తులు. ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు, మొత్తం 21 బైట్లు. ఒక్కో బైటును ఒక బ్యాక్‌స్లాష్, మూడు అంకెలుగా విప్పి చూపిస్తుంది. అంటే నాలుగు అక్షరాల దీవుల పేరు మీ తెర మీద 84 గుర్తుల చెత్తగా పడుతుంది. అలాంటి పేర్లు పది ఉంటే ఏది అండమాన్, ఏది అనంతపురం? చెప్పగలరా?

తెలుగు యూనికోడ్‌లోకి వచ్చింది 1991లో. గిట్ పుట్టింది 2005 ఏప్రిల్‌లో. 14 ఏళ్ల ముందే ఉన్న లిపి ఇది. కొత్తగా వచ్చి ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు.

దీనికి మందు లేదా? ఉంది. కోర్ డాట్ కోట్‌పాత్ అని ఒక సెట్టింగ్. దాన్ని ఫాల్స్ చేస్తే ఫైలు పేరు తెలుగులో కనిపిస్తుంది. ఆ సెట్టింగ్ 2007 నుంచీ ఉంది. ఒకే ఒక్క కమాండ్. ఒక్కసారి కొడితే చాలు, ఆ కంప్యూటర్ మీద ఎప్పటికీ ఉంటుంది. మీలో ఎంతమంది కొట్టారు? కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు ఎంతమంది చెప్పారు? ఇన్నేళ్లుగా ఆ అంకెల చెత్తను చూస్తూ, అది మన భాషేనని తెలిసి కూడా, స్క్రోల్ చేస్తూ పోయారు. మీకు ఒక్కసారి కూడా ఒళ్లు మండలేదా?

నాకు మండుతోంది.

ఇంకో సంగతి చెప్తాను. దీన్ని కాస్త నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే ఒక బగ్ ఫిక్స్‌ను రివ్యూ చేయడం అంటే ఏమిటో ఇందులో ఉంది. డిఫ్‌లో స్టాట్ అనే సారాంశం ఉంటుంది. ఎడమవైపు ఫైలు పేరు, మధ్యలో ఒక నిలువు గీత, కుడివైపు ఎన్ని వరుసలు చేరాయో ఎన్ని పోయాయో చూపే కూడిక, తీసివేత గుర్తులు. ఆ నిలువు గీతలు ఒకదాని కింద ఒకటి తిన్నగా నిలబడాలంటే ఫైలు పేరు తెర మీద ఎన్ని గడులు పడుతుందో గిట్ లెక్క కట్టాలి. అది గడులను లెక్కపెట్టకుండా బైట్లను లెక్కపెట్టేది. ఇంగ్లిష్‌కి ఒక అక్షరం, ఒక బైటు, ఒక గడి. లెక్క కుదిరేది. మిగతా ప్రపంచానికి కుదిరేది కాదు. పట్టిక వంకర టింకరగా పోయేది. ఏళ్ల తరబడి సాగిన ఈ తప్పును 2022లో సరిచేశారు.

సరిచేసింది ఎవరు? తమ భాష అక్షరాలు వంకరపోతే ఊరుకోని మనుషులు. ఆ ప్యాచ్‌ను రాసిన వెంటనే కలిపేసుకోలేదు. రివ్యూకి వెళ్లింది, వెనక్కి వచ్చింది, మళ్లీ రాశారు, మళ్లీ చూశారు, పరీక్ష జోడించారు. ఒక పట్టికలో గీత తిన్నగా నిలబడటం కోసం అన్నిసార్లు చదివారు. ఆ పరీక్షలో ఫైలు పేరులో పెట్టింది యూరప్ అక్షరం, నెత్తిన రెండు చుక్కలున్నది. అది వాళ్ల బాధ, వాళ్ల అక్షరం పెట్టుకున్నారు. న్యాయమే. తెలుగు అక్షరం పెట్టాల్సింది ఎవరు? వాళ్లా?

ఆ ఫిక్స్ వచ్చాక మీలో ఎవరైనా ఒక తెలుగు పేరుతో దాన్ని నడిపి చూశారా? చూసి ఉంటే తెలిసేది. ఆ వెడల్పు లెక్క యూనికోడ్ గుర్తుల వర్గాలను బట్టి నడుస్తుంది. ఆ లెక్కలో ఎత్వానికి సున్నా. కొమ్ముకు ఒకటి. కాబట్టి 'తెలుగు' అనే మాటలో త ఒకటి, ఎత్వం సున్నా, ల ఒకటి, దాని కొమ్ము ఒకటి, గ ఒకటి, దాని కొమ్ము మరొకటి. మొత్తం 5. మనం మూడక్షరాలుగా చదువుకునే మాట. 'శ్రీ'ని అయితే ఒక్క అక్షరంగానే రాస్తాం, ఆ లెక్కలో శకారానికి ఒకటి, రకారానికి ఒకటి, వెరసి 2. టెర్మినల్‌లో అసలు ఎంత చోటు పడుతుందో ఆ టెర్మినల్‌ను బట్టి, ఫాంటును బట్టి మారుతుంది. ఈ పేచీ తేలాలంటే తెలుగు చదవగలిగిన ప్రోగ్రామర్ కూర్చుని, నడిపి, తేడా చూపించి, పరీక్ష రాసి పంపాలి. ఇంకెవరికీ ఈ పని చేతకాదు. మన అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో స్వీడన్‌లో కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తుంది?

తెలుగువాళ్లకు ప్రోగ్రామర్ల కరువా? అమెరికాలో ఏ ఆఫీసు క్యాంటీన్‌లో నిలబడినా తెలుగు వినిపిస్తుందని మనమే చెప్పుకుంటాం. 2018లో గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొన్న మైక్రోసాఫ్ట్‌కు అధిపతి హైదరాబాద్‌లో పుట్టిన మనవాడేనని గర్వపడతాం. ఆ గర్వం తెలుగుకు ఏం చేసింది? గిట్ తన సందేశాలను వేరే భాషల్లో చూపించే ఏర్పాటు 2012లో వచ్చింది. బల్గేరియన్ ఉంది. కాటలాన్ ఉంది. స్వీడిష్ ఉంది. వియత్నమీస్ ఉంది. ఐస్‌లాండిక్ ఫైలు కూడా ఉంది, అందులో ఉన్నది కొన్ని వాక్యాలే అయినా ఉంది. ఐస్‌లాండ్ మొత్తం జనాభా నాలుగు లక్షల లోపు. ఇంచుమించు మా దీవులంత. అక్కడి ప్రోగ్రామర్ ఒకడు పూనుకుని ఆ ఏర్పాటు మొత్తానికి దారి వేశాడు. 2011 లెక్కల్లోనే తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైచిలుకు. మన ఫైలు ఏది?

2018 ఫిబ్రవరి గుర్తుందా? జ్ఞాకారానికి దగ్గరగా ఉండే ఒక తెలుగు అక్షరాల కూర్పు మెసేజ్‌లో వస్తే ఐఫోన్ యాప్‌లు కూలిపోయాయి. తెలుగు అక్షరం ఫోన్లను చంపుతోందని ప్రపంచమంతా వార్తలు వేశారు. రోజుల్లోనే, ఫిబ్రవరి 19న, ఆపిల్ కొత్త వెర్షన్ విడుదల చేసి సరిచేసింది. అంటే తెలుగు వల్ల వాళ్ల ఫోనుకు నష్టమైతే రోజుల్లో ఫిక్స్ వస్తుంది. టూల్ వల్ల తెలుగుకు నష్టమైతే ఏళ్లు గడిచినా రాదు. ఎందుకు రాదు? అక్కడ గొంతు చించుకుని అరిచినవాళ్లు ఉన్నారు. ఇక్కడ మీరు ఉన్నారు. మీరు నోరు విప్పలేదు.

ఏమేం వదిలేశారో చెప్పమంటారా? తెలుగు పేరున్న ఫైలు అంకెలుగా వస్తే అది ఏ ఫైలో కనుక్కోకుండా దాటేశారు, మాట చివర పొల్లు తర్వాత కంటికి కనపడని జడ్‌డబ్ల్యూఎన్‌జే గుర్తు చేరి ఎర్ర గీత పచ్చ గీత అచ్చం ఒకేలా కనిపిస్తే మరి తేడా ఎక్కడని ఒక్క ప్రశ్న వేయలేదు, 'కై'లోని ఐత్వాన్ని ఒకరు ఒకే గుర్తుగా ఇంకొకరు ఎత్వానికి మరో గుర్తు తగిలించి రెండుగా కొడితే వెతికినప్పుడు ఒకటి దొరికి మరోటి దొరకదని తెలిసీ ఊరుకున్నారు, కొన్ని కంప్యూటర్లలో తెలుగు వాక్యం మొత్తం కోణపు బ్రాకెట్లలో బైట్ల అంకెలుగా పడితే పేజర్ సెట్టింగ్ సరిచేసుకోకుండా కళ్లు మూసుకున్నారు, యూటీఎఫ్-16లో సేవ్ అయిన తెలుగు ఫైలును గిట్ బైనరీ అనుకుని రెండు ఫైళ్లూ వేరు అని ఒక్క ముక్క చెప్పి చేతులు దులుపుకుంటే మీరూ దులుపుకున్నారు, మార్పు ఏ శీర్షిక కిందదో చూపించే వరుసను 80 బైట్ల దగ్గర తెంపేస్తే తెలుగులో అది 26 గుర్తులకే ఆగిపోయి సగం శీర్షికే మిగిలితే మిగతా సగం చూడలేదు, మాటల తేడాను రంగుల్లో చూపించమంటే హల్లును ఒకవైపు గుణింతాన్ని ఇంకోవైపు విడగొట్టి చుక్కల సున్నా మీద వేలాడే గుర్తును చూపిస్తే అది బగ్ అని ఎవరికీ రాయలేదు, జావా ప్రాపర్టీస్ ఫైళ్లలో తెలుగంతా కోడ్ నంబర్లుగా ఉంటే ఆ నంబర్లను మళ్లీ తెలుగులోకి మార్చి చదవడం మీ పని అనుకోలేదు, యంత్రం చేసిన అనువాదం డిఫ్‌లో వందల వరుసలు వస్తే పది వరుసలైనా చదవకుండా మొత్తం కలిపేశారు, అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లను యూనికోడ్‌కు మార్చినప్పుడు ఒత్తులు ఎగిరిపోతే పోల్చి చూసే దిక్కు లేకుండా చేశారు, తెలుగులో తప్పుందని దీవి నుంచి ఒక మనిషి టికెట్ పెడితే ప్రాధాన్యం తక్కువ అని గుర్తు వేసి అడుగున పడేశారు, ఆ టికెట్‌కు ఎవరో ఫిక్స్ పంపితే దాన్ని కూడా, చివరికి దాన్ని కూడా, చదవకుండానే అప్రూవ్ చేశారు.

ఇందులో ఏది అబద్ధం?

ఇది తెలుగు గొడవ మాత్రమే అనుకుని తప్పించుకోకండి. చూడకుండా ఒప్పుకునే జబ్బు ఇంగ్లిష్‌లోనూ అంతే. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ భద్రతా కోడ్‌లో ఒకే వరుస రెండుసార్లు పడి ఉన్నట్టు బయటపడింది. గోటూ ఫెయిల్ అనే వరుస. ఒకదాని కింద ఒకటి. దాంతో సర్వర్ అసలుదో నకిలీదో తేల్చే చివరి తనిఖీ జరగకుండానే సరే అనేసేది. పసిపిల్లవాడు చూసినా ఇదేంటి రెండుసార్లుంది అంటాడు. ఎవరూ చూడలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే తప్పు బయటపడింది. ఆ తప్పు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోకి 2011 డిసెంబరు 31న చేరింది. రివ్యూ అయ్యే చేరింది. ప్రపంచంలోని ఎన్నో సర్వర్లు రెండేళ్లకు పైగా ఆ రంధ్రంతోనే నడిచాయి.

2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్ సంగతి బయటపడింది. ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించుకున్న ఒక మనిషి దొంగదారి కోడ్‌ను పరీక్ష ఫైళ్లలో దాచాడు. అవి బైనరీ ఫైళ్లు, డిఫ్‌లో కనపడవు. విడుదల చేసిన కట్టలో ఉన్న స్క్రిప్టు గిట్‌లో లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చి చూసినవాళ్లు లేకపోయారు. అదే ప్రాజెక్టులో బిల్డ్ ఫైలులో ఒక వరుస మొదట్లో ఒక్క చుక్క పెట్టి ఒక రక్షణ ఏర్పాటును పనిచేయకుండా చేశారు. ఒక్క చుక్క! డిఫ్‌లో కళ్లెదుటే ఉంది. ఎవరి కంటా పడలేదు. చివరికి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన లాగిన్ ఎందుకు అర సెకను ఆలస్యమవుతోందని ఊరుకోకుండా తవ్వితే ఆ దొంగతనం దొరికింది. ఆయన కూడా పోనీలే అనుకుని ఉంటే?

ఇంగ్లిష్‌లో ఒక చుక్క కోసం ప్రపంచం ఇంత వణికింది. మన 'క' కోసం ఒక్క తెలుగువాడు ఆగలేడా?

టైం లేదంటారు. ఒక స్ప్రింట్‌లో ఎన్ని గంటలు స్టాండప్‌లలో పోతున్నాయో లెక్క తీయండి. నాలుగు తెలుగు వరుసలు చదవడానికి ఎంతసేపు కావాలి?

టెస్టులు పాసయ్యాయంటారు. ఆ టెస్టుల్లో తెలుగు ఎక్కడుంది? మీరు రాశారా?

ఏఐ చూస్తుందిలే అంటారు. అది వెళ్లండి అంటే వేటకు పోయేది అదా?

తెలుగు ఎవరు వాడతారండీ, అందరూ ఇంగ్లిష్‌లోనే పెట్టుకుంటారు అంటారు. ఈ మాటకు నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం వస్తుంది. ఎవరు వాడతారో మీకు తెలుసా? ఇంగ్లిష్ రానివాళ్లు వాడతారు. తప్పు వస్తే మీకు ఫోన్ చేసి చెప్పలేనివాళ్లు వాడతారు. మీ టికెట్ల వ్యవస్థలో వాళ్ల పేరు ఎప్పటికీ కనిపించదు, కాబట్టి వాళ్లు లేరని మీరు తేల్చేశారు. జంగ్లీఘాట్‌కు రండి. చేపల బుట్ట పక్కన పెట్టుకుని ఫోన్లో తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటున్న ముసలావిడను చూపిస్తాను. ఆమెకు మీ రిలీజ్ తేదీతో పని లేదు. ఆమె చదివే వాక్యం నిజమై ఉండాలి, అంతే. ఆ వాక్యం తప్పని తెలిసే దారి ఆమెకు లేదు. మీకు ఉంది. ఎంత తీరిక లేకపోయినా, ఎంత పెద్ద హోదా అయినా, ఆ తేడాను కప్పిపుచ్చగలరా?

నా మాట మీకు కటువుగా ఉండొచ్చు. ఉండనివ్వండి. ఈ దీవుల నుంచి మెల్లగా చెప్పిన మాటలు సముద్రం దాటి మీ దాకా రాలేదు.

కోట్‌పాత్ సెట్టింగ్ మార్చండి, ఈ పూటే. మీ టీంలో ప్రతి కంప్యూటర్ మీద మార్పించండి. ఎర్ర గీతలో ఉన్న తెలుగు వాక్యాన్ని పైకి చదవండి, తర్వాత పచ్చ గీతలోది చదవండి. రెండూ ఒకేలా వినిపిస్తే ఏం మారిందో రాసినవాళ్లను అడగండి. జవాబు రాకపోతే వెనక్కి పంపండి. పంపితే ఏమనుకుంటారో అని మొహమాట పడకండి. అవతల వేటకు పోయేవాడి ముందు మీ మొహమాటం ఎంత? కనపడని గుర్తులను పట్టుకునే చిన్న స్క్రిప్టు రాసి, కమిట్ కాకముందే నడిచేలా పెట్టండి. ఐత్వం ఒకే తీరుగా ఉండేలా యూనికోడ్ నార్మలైజేషన్ చేయించండి. ఇవేవీ కొత్తవి కావు, కష్టమైనవీ కావు, మీలో ప్రతి ఒక్కరికీ చేతనైనవే.

ఇక ఆ వెడల్పు లెక్క. పరీక్షలో యూరప్ అక్షరం ఉంది, తెలుగు లేదు. ఫైలు పేరు 'శ్రీ' అని పెట్టి, నిలువు గీత ఎక్కడ నిలబడుతోందో ఎక్కడ నిలబడాలో చూపించి, కారణం రాసి పంపాలి. గిట్ కోడ్ ఎవరైనా తెరవొచ్చు. పంపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వాళ్లు చదువుతారు, ప్రశ్నలు వేస్తారు, తిప్పి పంపుతారు, మీరు మళ్లీ రాయాలి.

ఎప్పుడు పంపుతున్నారు?